నీటి అడుగున ఫ్లాష్: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: విశాఖ తీరంలో రుషికొండ, మంగమారిపేట దగ్గర డైవింగ్ చేస్తుంటాను. మిర్రర్‌లెస్ కెమెరా, దానికి నీళ్లు చొరని హౌసింగ్, చిన్న జీవుల్ని దగ్గరగా తీసే 60 ఎం.ఎం. మ్యాక్రో లెన్స్ ఉన్నాయి. వచ్చే ఏడు చాలా విశాలంగా చూపే ఫిష్‌ఐ లెన్స్ కూడా తీసుకోవాలని ఉంది. రెంటికీ పనికొచ్చేలా పెద్ద స్ట్రోబ్ (నీటి అడుగున వాడే ఫ్లాష్) ఒకటి కొనాలా, చిన్నవి రెండా?
— ఒక పాఠకురాలు, ఎంవీపీ కాలనీ

జవాబు: చిన్నవి రెండే మేలండీ. అయితే రెండూ ఇప్పుడే కొననక్కర్లేదు. మ్యాక్రోకి ఒకటి చాలు. ఫిష్‌ఐ వచ్చాక అదే మోడల్ ఇంకొకటి తెచ్చుకోండి. వేర్వేరు మోడళ్లు కలిపితే రెండు పక్కలా వెలుగు రంగు తేడాగా పడుతుంది.

అమ్మేవాళ్లు ముందుగా చెప్పేది గైడ్ నంబర్, అంటే స్ట్రోబ్ ఎంత బలమైనదో చెప్పే అంకె. అది గాలిలో కొలిచిన లెక్క. నీళ్లలో దాన్ని సుమారు మూడో వంతుకు దించుకోవాలి. అంటే 20 ఉన్న స్ట్రోబ్ నీళ్లలో 7కి దగ్గర, 33 ఉన్నది 11కి దగ్గర. ఆ అంకెను మీటర్లలో దూరంతో భాగిస్తే ఐఎస్ఓ (వెలుగుకు కెమెరా స్పందించే స్థాయి) 100 దగ్గర వాడాల్సిన ఎఫ్ నంబర్ (లెన్స్ రంధ్రం కొలత) వస్తుంది. మ్యాక్రోలో స్ట్రోబ్‌కీ జీవికీ మధ్య 20 సెంటీమీటర్లే కాబట్టి 7ని 0.2తో భాగిస్తే 35. మీరు వాడేది ఎఫ్/16 నుంచి ఎఫ్/22. చిన్న స్ట్రోబ్‌కి కూడా ఇంకా శక్తి మిగిలే ఉంటుంది. ఫిష్‌ఐతో తీసే వైడ్ ఫోటోలో మీటరు దూరానికి అదే స్ట్రోబ్ ఎఫ్/7 దగ్గరే ఆగిపోతుంది. వెలుగును పరిచే డిఫ్యూజర్ తగిలిస్తే ఇంకో స్టాప్ దాకా వెలుగు తగ్గుతుంది (వెలుగు సగమైతే ఒక స్టాప్ తగ్గినట్టు). ఐఎస్ఓ 400కి పెంచితే ఆ లోటు తీరుతుంది. 20కీ 33కీ తేడా ఒకటిన్నర స్టాప్‌లోపే, దానికోసం రెట్టింపు డబ్బు పెట్టక్కర్లేదు.

అంతకంటే ముఖ్యం వెలుగు పరుచుకునే కోణం. డిఫ్యూజర్‌తో 100 డిగ్రీలు దాటాలి. ఫిష్‌ఐ మూల నుంచి మూలకి 180 డిగ్రీలు చూస్తుంది. ఎంత బలమైనదైనా ఒక్క స్ట్రోబ్ పెడితే ఫ్రేములో సగం చీకటే. మాన్యువల్‌గా శక్తిని మెట్టుమెట్టుగా తగ్గించే నాబ్ ఉందా, చేతి తొడుగుతో అది తిరుగుతుందా అన్నది షాపులోనే తిప్పి చూడండి.

మ్యాక్రోకి మొదటి అమరిక: ఐఎస్ఓ 200, షట్టర్ 1/200, ఎఫ్/16, స్ట్రోబ్ పావు శక్తి. స్ట్రోబ్‌ను పోర్ట్ (హౌసింగ్‌లో లెన్స్ ముందుండే అద్దం) పైన ఉంచి కొద్దిగా కిందికి వంచండి. వేలి గోరంత న్యూడిబ్రాంక్‌ని (పెంకు లేని సముద్రపు నత్త) రాతి మీద విడిగా చూపాలంటే వెలుగును సన్నగా చేసే స్నూట్ తగిలించాలి. గురి ఒక్క సెంటీమీటరు తప్పినా ఫోటో నల్లగా వస్తుంది. అందుకే గురి చూపే దీపం స్ట్రోబ్ మధ్యలోనే ఉన్న మోడల్ ఎంచుకోండి.

ప్రశ్న: వైడ్ ఫోటోల్లో మంచు కురిసినట్టు తెల్ల చుక్కలు. స్ట్రోబ్ మార్చాలా?
— ఒక పాఠకుడు, సీతమ్మధార

జవాబు: స్ట్రోబ్ మార్చకండి, దాన్ని ఉంచే చోటు మార్చండి. మన తీరం నీళ్లలో నలుసులు, ప్లవకాలు ఎప్పుడూ ఉంటాయి. లెన్స్‌కీ జీవికీ మధ్యనున్న నీళ్లలో ఫ్లాష్ పడితే ఒక్కో నలుసూ మెరిసి కెమెరాలోకి తిరిగొస్తుంది. ఆ నీళ్లు చీకటిగా ఉండాలి, వెలుగు అంచు మాత్రమే జీవిని తాకాలి.

స్ట్రోబ్‌ల ముఖాలు గుండ్రటి డోమ్ పోర్ట్ అంచుకన్నా వెనక్కి ఉండాలి. జీవి ఎంత దూరంలో ఉంటే, కెమెరా నుంచి స్ట్రోబ్‌లు పక్కలకి కనీసం అంత దూరం జరగాలి. రెంటినీ బయటివైపు 15, 20 డిగ్రీలు తిప్పి ఒక ఫోటో తీయండి. ఫ్రేము మధ్యలో చీకటి చార కనిపిస్తుంది. ఆ చార పోయేదాకా కొద్దికొద్దిగా లోపలికి తిప్పి, పోగానే ఆపేయండి. ఇందుకు ఒక్కో వైపు స్ట్రోబ్‌ను పట్టి ఉంచే 20 సెంటీమీటర్ల ఆర్ములు రెండేసి కావాలి. చిన్న ఆర్ములతో ఈ పని సాగదు, చాలామంది డబ్బు ఆదా చేసి బాధపడేది ఇక్కడే.

నీళ్లలో 5 మీటర్లు కనిపిస్తున్న రోజు ఒక మీటరు దాటిన దేనికీ ఫ్లాష్ కొట్టకండి. వెనకాల నీళ్ల వెలుతురును నిర్ణయించేది షట్టర్. 1/125తో మొదలుపెట్టి, నీళ్లు మరీ నల్లబడితే 1/60కి దిగండి. నీళ్లు మరీ పచ్చగా కనిపిస్తుంటే పసుపు ఛాయ డిఫ్యూజర్ వేసి కెమెరాలో వైట్ బ్యాలెన్స్‌ను చల్లని (నీలం) వైపు జరపండి. వెనకాల నీలం తేరుకుంటుంది.

ప్రశ్న: స్ట్రోబ్ వెలగడం కంటికి కనిపిస్తోంది, ఫోటో మాత్రం చీకటి.
— గాజువాక నుంచి

జవాబు: కెమెరా ఫ్లాష్ టీటీఎల్‌లో (వెలుగును కెమెరానే లెక్కగట్టే పద్ధతిలో) ఉండి ఉంటుంది. అప్పుడది అసలు ఫ్లాష్‌కి ముందు ఒక చిన్న మెరుపు వదులుతుంది. మాన్యువల్‌లో ఉన్న స్ట్రోబ్ దానికే వెలిగిపోతే షట్టర్ తెరుచుకునేసరికి ఖాళీ. కెమెరా ఫ్లాష్‌ను కూడా మాన్యువల్‌లో పెట్టి అన్నిటికన్నా తక్కువ శక్తికి దించండి. కెమెరా మెరుపును స్ట్రోబ్‌కి చేర్చే ఫైబర్ కేబుల్ పనిచేయడానికి ఆ కొద్ది మెరుపు చాలు. ఫోటో అంతా కాక ఒక పక్క పట్టీలా నల్లగా వస్తే షట్టర్ 1/200 దాటిందేమో చూడండి. కేబుల్ మీద అనుమానముంటే ఒక కొసకి టార్చి ఆనించి రెండో కొస చూడండి. వెలుగు చుక్క మసకగా ఉంటే లోపల ఎక్కడో విరిగింది.

ప్రశ్న: మామూలు ఆల్కలైన్ బ్యాటరీలు వేయవచ్చా? ఓ-రింగ్‌కి (నీళ్లు చొరకుండా మూతకు వేసే రబ్బరు వలయం) ఎంత గ్రీజు రాయాలి?
— భీమిలి నుంచి

జవాబు: వద్దు. వరుసగా ఫ్లాష్ కొడితే అవి వేడెక్కుతాయి, మళ్లీ ఛార్జ్ కావడానికి చాలాసేపు పడుతుంది, కారితే స్ట్రోబ్‌లోని మూసిన బ్యాటరీ అరలో వాయువు పేరుకుంటుంది. ఛార్జ్ చేసుకునే నికెల్ మెటల్ హైడ్రైడ్ ఏఏ సెల్సే వాడండి. నాలుగూ ఒకే సమయంలో కొన్నవి కావాలి.

ఓ-రింగ్‌ను సూదితో కాక ప్లాస్టిక్ కార్డు అంచుతో తీయండి. వేలి కొసల మధ్య మెల్లగా లాగితే ఒక్క ఇసుక రేణువున్నా తగులుతుంది. తడి మెరుపులా కనిపించేంత గ్రీజు చాలు, తెల్లగా కనపడితే ఎక్కువైంది, అది ఇసుకనీ వెంట్రుకనీ పట్టుకుంటుంది. బీచిలో గాలి ఇసుకను మోస్తుంది కనుక సెల్స్ బీచిలో కాక ఇంట్లోనే మార్చుకోండి. డైవ్ అయ్యాక మంచినీళ్లలో అరగంట నాననిచ్చి, నాబ్‌లు అటూ ఇటూ తిప్పి, పూర్తిగా తుడిచాకే మూత తీయండి. లోపలికి నీళ్లు వెళ్లాయనిపిస్తే మూతను ముఖానికి దూరంగా పెట్టి నిదానంగా విప్పండి.