సినిమాలు, సీరియళ్లు చూస్తే డబ్బు గురించి మన ఆలోచన నిజంగా మారుతుందా?

మారుతుంది. అయితే ‘డబ్బున్నోడు విలన్, లేనోడు హీరో’ అనే పాత ఫార్ములా కంటే, తెర మీద ఊరికే కనిపించే సామానే ఎక్కువ పనిచేస్తుంది. సీరియల్లో అత్తగారు వంటింట్లోకి కూడా పట్టుచీరతో, వడ్డాణంతోనే వస్తుంది. ఆ మేడకి కరెంటు బిల్లు రాదు, ఈఎంఐ ఉండదు. రోజూ అదే చూస్తే ‘అందరూ ఇలాగే ఉన్నారు, మనమే వెనకబడ్డాం’ అనిపిస్తుంది. అమెరికాలో ఓగిన్, ష్రమ్ 1997లో ప్రచురించిన పరిశోధన చెప్పిందీ దాదాపు ఇదే: టీవీ ఎక్కువగా చూసేవాళ్లు, విలాస వస్తువులు చాలామందికి ఉన్నాయని అంచనా వేశారు.

మా శ్రీకాకుళం వైపు ఇది పెళ్లిళ్లలో కనబడుతుంది. పలాసలో జీడిపిక్కలు ఒలిచిన కూలితోనో, గల్ఫ్ నుంచి కొడుకు పంపే డబ్బుతోనో గడిచే ఇళ్లలో కూడా ఇప్పుడు హల్దీ, సంగీత్, డ్రోన్ కెమెరా. మంగళస్నానాలతో సరిపెడితే చుట్టాలేమనుకుంటారోనని భయం. ఖర్చుకి నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు.

ఇక సినిమా హీరో పాట మొదట్లో కూలీ, పాట అయ్యేసరికి కోటీశ్వరుడు. మధ్యలో పొదుపు, వడ్డీలెక్క, పదేళ్ల కాలం ఏవీ ఉండవు. కుర్రాళ్లు బెట్టింగ్ యాప్‌ల్లో పడింది ఆ పాట వల్లేనని అనను గానీ, ఆ తొందర మాత్రం అక్కడ కొంత అలవాటైందే.