సంతకం అయింది, ధ్రువీకరణ కాలేదు

ప్రశ్న: నమస్తే సార్. నేను హనుమకొండలో రూమ్ తీసుకొని గ్రూప్స్‌కు చదువుకుంటున్నా. సీటీబీటీ, అంటే సమగ్ర అణు పరీక్షల నిషేధ ఒప్పందం మీద అమెరికా సంతకం చేసిందని ఒక నోట్స్‌లో ఉంది. ఆమోదించలేదని ఇంకోదాంట్లో, ధృవీకరించలేదని మరోదాంట్లో ఉంది. సంతకం పెట్టినంక ఆమోదించకపోవడం ఏంది సార్? రష్యా ఒప్పందం నుంచి బయటికొచ్చిందని కూడా చదివిన. మన దేశం అణు పరీక్షలను నిషేధించిందని ఒక పుస్తకం, సంతకమే చేయలేదని ఇంకో పుస్తకం. పరీక్షలో ఏ మాట రాయాలె?
– ఒక పాఠకుడు, హనుమకొండ

సమాధానం: మీరు తికమకపడటంలో మీ తప్పేమీ లేదు. వేర్వేరు పనులకు మన పత్రికలు, నోట్సులు ఒకే మాట వాడటం వల్ల వచ్చిన చిక్కు ఇది.

మీ ఇంట్లో పెద్దవాళ్లను సాదా బైనామా గురించి అడగండి. తెల్లకాగితం మీద భూమి అమ్మినాయన, కొన్నాయన, సాక్షులు దస్కతులు పెట్టేవారు. పైసలు ముట్టేవి. కొన్నాయన నాగలి కట్టేవాడు కూడా. కానీ రిజిస్ట్రేషన్ కాలేదు కాబట్టి పట్టా పాత పేరు మీదే ఉండేది. ‘కొన్నవా?’ అంటే ‘కొన్న’. ‘పట్టా అయిందా?’ అంటే ‘కాలే’. రెండు జవాబులూ నిజమే. సీటీబీటీ విషయంలో అమెరికా పరిస్థితి ఇదే. 1996 సెప్టెంబర్ 24న న్యూయార్క్‌లో మొట్టమొదటి సంతకం ఆ దేశ అధ్యక్షుడు క్లింటన్‌దే. 1992 తర్వాత ఆ దేశం అణు పేలుడు జరపలేదు కూడా. కానీ 1999 అక్టోబర్ 13న అక్కడి పార్లమెంటు ఎగువ సభ అయిన సెనేట్‌లో ఓటింగ్ పెడితే అనుకూలంగా 48, వ్యతిరేకంగా 51 వచ్చాయి. కావాల్సింది మూడింట రెండు వంతులు. అక్కడితో కాగితం పట్టా కాకుండా ఆగిపోయింది.

ఇక మాటల సంగతి. దేశాలు కూర్చొని ఒప్పందం పాఠం, అంటే అందులోని రాత, తయారు చేసుకోవడాన్ని ‘ఖరారు’ అనవచ్చు. అరబ్బీ నుంచి ఉర్దూ మీదుగా మనకొచ్చిన మాట, మన ఊళ్ల కరారునామాలోదీ అదే. సీటీబీటీకి ఈ పని జెనీవాలో రెండేళ్లకు పైగా నడిచింది. అక్కడ ఏకాభిప్రాయం కుదరక, పాఠాన్ని ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ ముందు పెట్టారు. 1996 సెప్టెంబర్ 10న 158 దేశాలు ఔనన్నాయి. భారత్, భూటాన్, లిబియా కాదన్నాయి. ఇది ‘ఆమోదం’. ఆమోదమంటే సంస్కృతంలో సువాసన, సంతోషం. తెలుగులో అది ‘సరే, నాకు ఇష్టమే’ అనే అర్థంలో స్థిరపడింది. ఇష్టపడటం వేరు, కట్టుబడటం వేరు. ఐరాసలో జరిగినదానికి ఈ మాట ఖర్చయిపోయాక, అమెరికా చేయని పనికి కూడా దాన్నే వాడితే ఏమవుతుంది? ‘ఐరాస ఆమోదించిన ఒప్పందాన్ని అమెరికా ఆమోదించలేదు’ అని చదివినవాళ్లు, అమెరికా ఆ రోజు వ్యతిరేకంగా ఓటేసిందనుకుంటారు. నిజానికి అది అనుకూలంగా ఓటేసింది.

అందుకే చివరి మెట్టుకు ‘ధ్రువీకరణ’ అనే వాడాలి. హిందీలో అనుసమర్థన్ అంటారు. మనకు ఆ అవసరం లేదు. ధ్రువమంటే కదలనిది. ‘ఇక నేను కదలను, దీనికి కట్టుబడ్డాను’ అని దేశం ప్రపంచానికి రాతపూర్వకంగా చెప్పడం ధ్రువీకరణ. ఆ పని ఎవరు చేయాలన్నది ఏ దేశ పద్ధతి దానిదే. అమెరికాలో కూడా సెనేట్ ఇచ్చేది సమ్మతి మాత్రమే. ధ్రువీకరించేది అధ్యక్షుడు. కాబట్టి ‘సెనేట్ ధ్రువీకరించలేదు’ అని కాక ‘సెనేట్ సమ్మతించలేదు’ అని రాస్తే సరిగ్గా ఉంటుంది.

ఒక ఇబ్బంది ఉంది, దాచను. మీసేవలో కుల ధ్రువీకరణ పత్రం తీసుకున్నవాళ్లకు ఈ మాట వినగానే సర్టిఫికెట్, వెరిఫికేషన్ గుర్తొస్తాయి. ఈ ఒప్పందంలో వెరిఫికేషన్ కూడా చాలా పెద్ద ఏర్పాటు. ఎక్కడ పేలుడు జరిగినా పసిగట్టడానికి ప్రపంచమంతటా 321 కేంద్రాలు, 16 ప్రయోగశాలలు ఉండాలని అందులో రాసుకున్నారు. దానికీ ‘ధ్రువీకరణ వ్యవస్థ’ అని పేరు పెడితే చదివేవాడి గతి ఏంగాను? దాన్ని ‘తనిఖీ’ అనండి.

రష్యా గురించి మీరు చదివింది తప్పు. 2000లో అది ఒప్పందాన్ని ధ్రువీకరించింది, 2023 నవంబర్‌లో ఆ ధ్రువీకరణను వెనక్కి తీసుకుంది. సంతకం మాత్రం అలాగే ఉంది. ‘వైదొలగింది’ అని రాస్తే సంతకాన్ని కూడా చెరిపేసినట్టే. సంతకానికి కూడా ఎంతో కొంత బరువుంటుంది. ఒప్పందం ఉద్దేశాన్ని దెబ్బతీసే పని చేయకుండా ఉండాలన్న బాధ్యత దాంతోనే మొదలవుతుంది. అణ్వస్త్రాల విషయంలో ఆ కొంచెం బరువును కూడా మన భాషలో తక్కువ చేయడం నాకు ఇష్టం లేదు.

‘సీటీబీటీ అమలు కావడం లేదు’ అని కూడా రాస్తుంటారు. అలా అంటే ఎవరో ఉల్లంఘిస్తున్నారనిపిస్తుంది. అసలు అది ఇంకా ‘అమల్లోకి రాలేదు’. అణు రియాక్టర్లు ఉన్న 44 దేశాల పేర్లు ఒప్పందంలోనే రాశారు. ఆ అందరూ ధ్రువీకరిస్తేనే అది చట్టమవుతుంది. 180కి పైగా దేశాలు సంతకం చేసినా, ఆ 44లో తొమ్మిది మిగిలిపోయాయి. వాటిలో అమెరికా, చైనా, ఈజిప్టు, ఇరాన్, ఇజ్రాయెల్ సంతకం చేసి ఆగాయి. రష్యా సంగతి చెప్పాను. భారత్, పాకిస్తాన్, ఉత్తర కొరియా అసలు సంతకమే చేయలేదు. ‘ఇప్పుడూ కాదు, ఇకముందూ కాదు’ అని జెనీవాలో మన రాయబారి అరుంధతీ ఘోష్ ముఖం మీదే చెప్పారు. పేలుళ్లనే ఆపి ప్రయోగశాలల్లో చేసే పరీక్షలను వదిలేస్తే అది ‘సమగ్రం’ ఎలా అవుతుందన్నది మన అభ్యంతరాల్లో ఒకటి. కాబట్టి ‘భారత్, అమెరికా ఆమోదించలేదు’ అని ఇద్దరినీ ఒకే గాటన కట్టకండి.

మరి మన దేశం పరీక్షలను నిషేధించిందా? లేదు. 1998 మే 11, 13 తేదీల్లో పోఖ్రాన్‌లో పేలుళ్లు జరిపాక, ఇక జరపబోమని తనంతట తాను ప్రకటించింది. ఇది ‘స్వచ్ఛంద విరామం’. మన ఓరుగల్లు గణపతిదేవుడు 1244లో మోటుపల్లిలో వేయించిన అభయ శాసనం గుర్తుందా? తుపానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును లాక్కోబోమని వర్తకులకు మాటిచ్చాడు. అందులో రెండో పక్షం సంతకం లేదు. విరామం కూడా అంతే, ఎవరికి వారు ఇచ్చే మాట.

మీరు తెలంగాణ చరిత్ర కూడా చదువుతారు కాబట్టి ఇదొకటి చెప్పాలి. 1954 మార్చి 1న బికినీ దీవుల్లో అమెరికా హైడ్రోజన్ బాంబు పేల్చాక, ఏప్రిల్ 2న నెహ్రూ లోక్‌సభలో పరీక్షలకు ‘స్టాండ్‌స్టిల్ అగ్రిమెంట్’ కావాలని అడిగారు. 1947 నవంబర్ 29న నిజాంతో కుదిరిన దాని పేరు కూడా అదే, దాన్ని ‘యథాతథ ఒప్పందం’ అని చదువుకున్నారు. నెహ్రూ అడిగినదానికి ఆ అనువాదం పెట్టొద్దు. యథాతథమంటే నడిచేది నడిచినట్టే ఉండటం. ఆయన అడిగింది ఆపేయమని. ‘నిలుపుదల ఒప్పందం’ అనండి.

చివరగా, మీరు ‘ధృవీకరణ’ అని రాశారు. ధృతి, ధృతరాష్ట్రుడిలో ఉన్నది ‘ధృ’. ధ్రువుడు, ధ్రువపత్రం, ధ్రువీకరణలో ఉండేది ‘ధ్రు’.