న్యూజెర్సీలో ఫిబ్రవరి నారు: మొలవని మిరప, వాలిపోయే టమాట

నమస్కారమండీ. ఎడిసన్‌లో మీ ఇంటి కిటికీ దగ్గర పెట్టిన ట్రేలో మిరప విత్తనాలు రెండు వారాలైనా మొలవలేదనీ, టమాట మొలకలు సన్నగా సాగి వాలిపోతున్నాయనీ రాశారు. ఈ రెండింటికీ కారణాలు వేరు.

మిరప, వంగ విత్తనాలు చక్కగా మొలవాలంటే మట్టి 27 నుంచి 30 డిగ్రీల సెల్సియస్ వెచ్చగా ఉండాలి. గదిలో హీటర్ నడుస్తున్నా కిటికీ అంచున రాత్రివేళ మట్టి బాగా చల్లబడుతుంది కాబట్టి, విత్తనాలు పాడయ్యాయనుకొని పారవేయకుండా, ట్రే కింద నారు పెంపకానికి అమ్మే హీట్ మ్యాట్ వేసి మరో రెండు వారాలు ఓపిక పట్టండి. మట్టి చెమ్మగా ఉంటే చాలు, నీరు నిలవకూడదు.

టమాటది వెలుతురు కొరత. దక్షిణపు కిటికీ అయినా శీతాకాలపు ఎండ చాలదు. మామూలు ఎల్‌ఈడీ ట్యూబ్‌లైటును ఆకులకు బెత్తెడు ఎత్తులో వేలాడదీసి, రోజుకు 14 నుంచి 16 గంటలు వెలిగించండి. సాగిన మొక్కలను బీజదళాల (మొలకకు మొదట వచ్చే జంట ఆకుల) వరకు మట్టిలోకి దించి నాటితే కాండం నుంచే కొత్త వేర్లు వస్తాయి కనుక వాటిని తప్పకుండా కాపాడుకోవచ్చు.

అసలు మీ ప్రాంతంలో మే మొదటి వారాల దాకా మంచు భయం ఉంటుంది కాబట్టి, టమాటను మార్చి నెల రెండో సగంలో విత్తడమే మేలని నా అభిప్రాయం. బీర, సొర, దోస వేర్లు కదిలితే తట్టుకోలేవు. వాటిని ఏప్రిల్ చివర కాగితపు కప్పుల్లో వేయండి. గోంగూరను మాత్రం నేల వెచ్చబడ్డాక నేరుగా మడిలోనే చల్లవచ్చు.