టెక్ సందేహాలు: అందమా, ఆరు సెకన్లా?

ఈసారి ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు కాస్త పక్కకు జరిగాయి. ఎందుకో గానీ చేతి గడియారాల మీద వరుసగా ప్రశ్నలు వచ్చాయి. మొదటి ప్రశ్న చాలామంది మనసులో ఉండేదే. అందుకే దానికే ఎక్కువ చోటు ఇస్తున్నాను.

ప్రశ్న: జీవితంలో ఒక్కటైనా మంచి వాచీ కొనుక్కోవాలని ఏళ్ల తరబడి డబ్బు దాచుకున్నాను. చివరికి రెండు నచ్చాయి. ఒకటి మెకానికల్, అంటే బ్యాటరీ లేకుండా స్ప్రింగుతో నడిచేది. దాని డయల్ మీద నుంచి కళ్లు తిప్పుకోలేకపోయాను. కానీ రోజుకు కొన్ని సెకన్లు తేడా వస్తుందని అమ్మే ఆయనే చెప్పారు. రెండోది బ్యాటరీతో నడిచే క్వార్ట్జ్. ఏడాదికి 10 సెకన్లకు మించి తేడా రాదట. చూడ్డానికి మాత్రం సాదాసీదాగా ఉంది. రోజూ ఆఫీసుకు పెట్టుకుంటాను. ఇంత డబ్బు పోసి టైం సరిగ్గా చూపించని వాచీ కొంటే నలుగురూ నవ్వరా సార్?

జవాబు: నవ్వేవాళ్లు ఎలాగూ నవ్వుతారు. వాళ్ల సంగతి వదిలేసి లెక్క చూద్దాం.

మిగతా గ్యాడ్జెట్లలో డబ్బు ఎక్కువ పెడితే పనితనం ఎక్కువ వస్తుంది. వాచీల్లో ఆ సూత్రం పనిచేయదు. మామూలు క్వార్ట్జ్ వాచీలో చిన్న స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. ఆ కంపనాలను లెక్కపెట్టి సర్క్యూట్ ముల్లును కదుపుతుంది. నెలకు 15 సెకన్లు అటూ ఇటూ కావచ్చు. ఇక స్విట్జర్లాండ్‌లోని సీఓఎస్‌సీ అనే పరీక్షా సంస్థ ‘క్రోనోమీటర్’ (చాలా ఖచ్చితమైన గడియారం) అని సర్టిఫికెట్ ఇవ్వాలంటే మెకానికల్ మూవ్‌మెంట్‌ను, అంటే వాచీ లోపలి యంత్రాన్ని, 15 రోజులు, 5 భంగిమల్లో, 3 ఉష్ణోగ్రతల్లో పరీక్షిస్తుంది. అంత చేశాక కూడా సగటున రోజుకు 4 సెకన్లు వెనక్కి, 6 సెకన్లు ముందుకు ఒప్పుకుంటుంది. రోజుకు ఆరు అంటే నెలకు 180 సెకన్లు. నెలకు 15 అంటే ఏడాదికి 180 సెకన్లు. చౌక క్వార్ట్జ్ ఏడాదంతా తిరిగి చేసే తప్పును ఖరీదైన మెకానికల్ వాచీ ఒక్క నెలలో చేసేయవచ్చు, అదీ సర్టిఫికెట్ చేతిలో పెట్టుకుని మరీ!

ఈ తలకిందుల లెక్కకు ఒక తేదీ ఉంది. 1969 డిసెంబర్ 25న జపాన్‌లో సీకో సంస్థ ఆస్ట్రాన్ పేరుతో మొదటి క్వార్ట్జ్ చేతి గడియారాన్ని అమ్మకానికి పెట్టింది. నెలకు 5 సెకన్ల తేడా అన్నారు. అప్పుడు దాని ధర దాదాపు ఒక చిన్న కారంత. ఆ తర్వాత క్వార్ట్జ్ చవకై ఊరూరా పాకింది. ఖచ్చితత్వం అనేది డబ్బున్నవాళ్లకే దొరికే వస్తువుగా ఉండటం అక్కడితో ఆగిపోయింది. అప్పటి నుంచి ఖరీదైన మెకానికల్ వాచీ అమ్ముతున్నది అందాన్ని, చేతి నైపుణ్యాన్ని.

అలాగని మెకానికల్‌ను తక్కువ చేయకండి. ఇప్పటి వాచీల్లో చాలావాటి బ్యాలెన్స్ వీల్, అంటే అటూ ఇటూ ఊగుతూ వాచీ వేగాన్ని అదుపు చేసే చక్రం, సెకనుకు 8 సార్లు కొట్టుకుంటుంది. రోజుకు 6,91,200 సార్లు. బ్యాటరీ లేదు, చిప్పు లేదు, చుట్టిన స్ప్రింగు, పళ్ల చక్రాలు మాత్రమే. రోజులో ఉన్నవి 86,400 సెకన్లు. అందులో 5 సెకన్ల తేడా అంటే లక్షకు ఆరు కన్నా తక్కువ. చెయ్యి ఊపుతూ, ఎండలోకీ ఏసీలోకీ తిరుగుతూ ఇంత నిలకడగా ఉండటం మాటలు కాదు.

నిలకడ అన్నాను కదా, అసలు చూడాల్సింది అదే. రోజూ సరిగ్గా 5 సెకన్లు ముందుకు పోయే వాచీ ఒకటి, ఈరోజు 9 ముందుకు, రేపు 7 వెనక్కి పోయి ‘సగటున 1 సెకనే’ అనిపించుకునే వాచీ ఇంకొకటి ఉన్నాయనుకోండి. నేనైతే మొదటిదే తీసుకుంటాను. పాతకాలపు ఓడల్లో క్రోనోమీటర్‌ను రోజూ సరిచేసేవారు కాదు. అది రోజుకు ఎంత తప్పుతోందో పుస్తకంలో రాసుకుని, ఆ తేడాను లెక్కలో తీసేసేవారు. ఓడ తూర్పు పడమరల్లో ఎక్కడుందో టైంతోనే లెక్కకట్టేవారు కాబట్టి, భూమధ్యరేఖ దగ్గర 4 సెకన్ల పొరపాటు అంటే ఒక నాటికల్ మైలు, సుమారు 1.85 కిలోమీటర్లు దారి తప్పడం. అంత ప్రాణాల మీది వ్యవహారంలోనూ వాళ్లు నమ్ముకున్నది తప్పులో ఉన్న క్రమాన్నే. ఇంగ్లండ్ గడియారాల నిపుణుడు జాన్ హారిసన్ చేసిన హెచ్4 గడియారం 1761లో జమైకాకు బయల్దేరిన ఓడలో అలాంటి లెక్కతోనే పరీక్షలో నెగ్గింది. 81 రోజుల్లో కేవలం 5 సెకన్ల తేడా వచ్చింది. మనకు ఓడ లేదు, తొమ్మిదింటి మీటింగు ఉందంతే.

ఇక అందం సంగతి. దుకాణంలో దీపాలన్నీ వాచీ మీదే ఉంటాయి కాబట్టి అక్కడ ప్రతి డయలూ అందగత్తే. ఒక పని చేయండి. ఆ వాచీ పెట్టుకుని, దీపాలకు దూరంగా కాస్త నీడలో నిలబడి, చెయ్యి చాచి ఒక్క క్షణం చూసి చూపు తిప్పేయండి. టైం ఎంతో చెప్పగలిగారా? వెండి రంగు డయల్ మీద నిగనిగలాడే వెండి ముళ్లుంటే ఫొటోల్లో ముత్యంలా ఉంటుంది, సాయంత్రం వెలుతురులో మాత్రం ముళ్లు మాయమవుతాయి. నిమిషాల ముల్లు కొన దాని గీతల వరకు రాకుండా మధ్యలోనే ఆగిపోతే 10:08 అయిందో 10:09 అయిందో ఊహించుకోవాలి. లోపల యంత్రం ఎంత గొప్పదైనా చదవలేని వాచీ రెండు నిమిషాలు తప్పు చూపినట్టే లెక్క. వాచీ అందంలో నేను మొదటి మార్కులు వేసేది ఇక్కడే. అలాగే, క్వార్ట్జ్ వాచీ అయితే సెకన్ల ముల్లు ప్రతి గీత మీదా సరిగ్గా పడుతోందో లేదో చూడండి. ఏడాదికి 10 సెకన్లే తప్పే వాచీలో ముల్లు గీతకూ గీతకూ మధ్య పడుతుంటే, చూసిన ప్రతిసారీ పంటి కింద రాయే.

ఇప్పుడు తీర్పు. మెకానికల్ వాచీ విప్పి పక్కన పెడితే 40 నుంచి 70 గంటల్లో ఆగిపోయేవే ఎక్కువ. వారానికో రోజు పెట్టుకునేవాళ్లు ప్రతిసారీ కీ ఇచ్చి టైం సరిచేసుకోవాలి. అప్పుడు ‘రోజుకు ఎన్ని సెకన్లు’ అన్న ప్రశ్నకే అర్థం లేదు. అలాంటివాళ్లకు క్వార్ట్జ్ హాయి. మీరు రోజూ పెట్టుకుంటానన్నారు. పైగా మీ ఉత్తరం మీరే మళ్లీ చదువుకోండి. ఒకదాని గురించి ‘కళ్లు తిప్పుకోలేకపోయాను’ అన్నారు. రెండోదాని గురించి ‘తేడా రాదట’ అన్నారు. మొదటిది మీరు చూసింది, రెండోది మీరు విన్నది. మెకానికల్ కొనేయండి. కొన్నేళ్లకోసారి సర్వీసింగ్ ఖర్చు తప్పదు, అది మాత్రం ఇప్పుడే లెక్కలో వేసుకోండి. ఒకవేళ నాలుగు సెకన్లు తేడా కనిపిస్తే టెన్షన్ పడే మనిషైతే నా తీర్పు కొట్టేసి రెండోదే తీసుకోండి. చేతికి పెట్టుకున్న వస్తువు బీపీ పెంచకూడదు.

రెండూ కావాలనుకునేవాళ్లకు మధ్య దారులూ ఉన్నాయి. గ్రాండ్ సీకో 9ఎఫ్ క్వార్ట్జ్ ఏడాదికి 10 సెకన్ల లోపే తప్పుతుంది, దాని డయళ్లు సాదాసీదా అంటే నేను ఒప్పుకోను. అదే సంస్థ స్ప్రింగ్ డ్రైవ్‌లో శక్తి స్ప్రింగుదే, అదుపు మాత్రం స్ఫటికానిది. నెలకు 15 సెకన్ల లోపు తేడాతో ముల్లు టిక్కు టిక్కుమనకుండా జారిపోతుంది. సిటిజన్ 2019లో ఏడాదికి ఒకే ఒక్క సెకను తేడాతో క్యాలిబర్ 0100 అనే క్వార్ట్జ్ మూవ్‌మెంట్ తెచ్చింది.

ప్రశ్న: నాది క్రోనోమీటర్ సర్టిఫికెట్ ఉన్న ఆటోమేటిక్ వాచీ, చేతి కదలికకే స్ప్రింగు చుట్టుకునే మెకానికల్ రకం. రెండేళ్లు రోజుకు 3 సెకన్లు ముందుకు నడిచేది. పది రోజులుగా నిమిషాల్లో ముందుకు పరుగెడుతోంది. కింద పడలేదు, నీళ్లు తగల్లేదు. మూవ్‌మెంట్ పోయిందా?

జవాబు: చాలావరకు అయస్కాంతం పని. నా వాచీకీ ఇదే జరిగింది. ఒక వారం అది రోజుకు దాదాపు 4 నిమిషాలు ముందుకెళ్లింది. ఖర్చు ఎంతవుతుందో అని గుండె దడతో రిపేరు చేసే పెద్దాయన దగ్గరికి పట్టుకెళ్లాను. ఆయన వెనక మూత తీయనే లేదు. సొరుగులోంచి రూపాయి బిళ్లంత దిక్సూచి తీసి బల్ల మీద పెట్టి, నా వాచీని దాని పక్కకు మెల్లగా జరిపారు. సూది వణికి, ఉత్తరం వదిలేసి వాచీ వైపు తిరిగింది. ‘రాత్రిళ్లు ఎక్కడ పెడుతున్నారు?’ అని అడిగారు. ట్యాబ్లెట్ మీద. దాని కవర్ అంచులో అయస్కాంతాలు ఉంటాయన్న సంగతి, టెక్ కాలమ్ రాసే నాకు అప్పుడు గుర్తొచ్చింది! అయస్కాంతత్వాన్ని తీసేసే చిన్న నీలం డబ్బా మీద వాచీ పెట్టి, బటన్ నొక్కి, నెమ్మదిగా పైకి ఎత్తారు. అంతే, పది సెకన్ల పని.

బ్యాలెన్స్ వీల్‌కు ఉండే తలవెంట్రుకంత స్ప్రింగు అయస్కాంతీకరణ చెందితే దాని చుట్లు ఒకదానికొకటి అతుక్కుంటాయి. స్ప్రింగు పొట్టిదైనట్టు అవుతుంది కాబట్టి వీల్ తొందరగా ఊగుతుంది, వాచీ ముందుకు పరుగెడుతుంది. ఫోన్ కవర్లు, ఇయర్‌బడ్స్ పెట్టె, స్పీకర్లు, బ్యాగు క్లిప్పులు, అన్నీ అనుమానితులే. కొత్తగా కొనేవాళ్లు సిలికాన్ హెయిర్ స్ప్రింగు ఉన్నవి చూడవచ్చు, వాటి స్ప్రింగుకు ఈ బాధ లేదు. స్విట్జర్లాండ్ ప్రభుత్వ తూనికలు కొలతల సంస్థ మెటాస్ ఇచ్చే మాస్టర్ క్రోనోమీటర్ గుర్తింపు ఉంటే 15,000 గాస్ అయస్కాంత క్షేత్రాన్ని తట్టుకుందని అర్థం. దిక్సూచి పరీక్షలో సూది కదలకపోతే మాత్రం సర్వీసింగ్‌కు ఇవ్వాల్సిందే.

ప్రశ్న: వాచీ టిక్కు శబ్దం విని తేడా చెప్పే ఫోన్ యాప్‌లను నమ్మొచ్చా?

జవాబు: గది నిశ్శబ్దంగా ఉంటే, మైక్ దగ్గరగా ఆనిస్తే ఫర్వాలేదు. అయితే యాప్ చెప్పేది ఆ నిమిషంలో, ఆ భంగిమలో ఉన్న వేగం. రోజంతా మీ చేతి మీద ఏం జరుగుతుందో దానికి తెలియదు. కాగితం, పెన్ను మేలు. ఫోన్ టైంతో సెకన్ల ముల్లు కలిపి, పది రోజులు ఒకే వేళకు తేడా రాసుకోండి. రాత్రి ఒకసారి వెల్లకిలా, ఇంకోసారి కీ పైకి ఉండేలా పక్కకు నిలబెట్టి చూడండి. కొన్ని వాచీలు ఒక భంగిమలో ముందుకు, మరో దానిలో వెనక్కి పోతాయి. పగలు వచ్చిన తేడాను రాత్రి పడుకోబెట్టే తీరుతో సరిచేసుకోవచ్చు. ఇదో పిచ్చి, అలవాటైతే వదలదు.

ప్రశ్న: టూర్‌బిలాన్ ఉంటే ఖచ్చితత్వం పెరుగుతుందా?

జవాబు: టూర్‌బిలాన్ అంటే, ఒకే భంగిమ వల్ల వచ్చే తేడా సర్దుకునేలా బ్యాలెన్స్ వీల్‌నే గుండ్రంగా తిప్పే పంజరం లాంటి అమరిక. గడియారాల నిపుణుడు బ్రెగే 1801లో దానికి పేటెంట్ తీసుకున్నది జేబులో నిలువుగా ఉండే గడియారం కోసం. చేతి మీద వాచీ ఎలాగూ అటూ ఇటూ తిరుగుతూనే ఉంటుంది, కాబట్టి లాభం చాలా తక్కువ. తిరుగుతుంటే చూడముచ్చటగా ఉంటుంది. దానికే డబ్బు కడుతున్నామని తెలిసి కొంటే తప్పేం లేదు.

ప్రశ్న: రాత్రి 11 గంటలకు ఆటోమేటిక్ వాచీలో తేదీ మార్చబోతే బిగుసుకున్నట్టుంది. గట్టిగా తిప్పనా?

జవాబు: వద్దు! చాలా మెకానికల్ వాచీల్లో రాత్రి 9 నుంచి తెల్లవారుజామున 3 వరకు తేదీ మార్చే పళ్లు కలిసి ఉంటాయి. అప్పుడు బలవంతం చేస్తే విరుగుతాయి. ముళ్లను 6 గంటల దాకా తిప్పి, అప్పుడు తేదీ మార్చి, మళ్లీ టైం పెట్టుకోండి.