వియన్నా సదస్సుకు తొలి ప్రయాణం: టికెట్ కంటే ముందు కాగితాలు చూసుకోండి

మీది భీమవరం దగ్గర పల్లె అన్నారు. రొయ్యల జబ్బుల మీద పరిశోధన చేస్తున్నారు, నవంబరు మొదటి వారంలో వియన్నాలో జరిగే సదస్సులో పోస్టర్ (పరిశోధన సారాంశం రాసిన పెద్ద షీటు) పెట్టమని పిలుపొచ్చింది, నాన్నగారి ఆదాయమంతా చెరువుల మీదే, ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు. నాది అమలాపురం అండి. మూడేళ్ల క్రితం ఇలాంటి పని మీదే అదే ఊరికి వెళ్లొచ్చాను. అప్పుడు చెప్పేవాళ్లు లేక నేను పడ్డ టెన్షన్ మీరు పడకూడదని కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు పేరు సంగతి. సదస్సుకు రిజిస్టర్ చేసుకునేటప్పుడు అలవాటు కొద్దీ ఇనీషియల్స్‌తో రాశాను. పాస్‌పోర్టులో ఇంటిపేరు, పేరు పూర్తిగా ఉన్నాయి. ఆహ్వాన పత్రం ఇనీషియల్స్‌తోనే వచ్చింది. హైదరాబాద్‌లో వీసా కౌంటర్ దగ్గర రెండూ పక్కపక్కన పెట్టి చూసి, సరిచేయించుకుని రమ్మన్నారు. ఆ రాత్రే రైలెక్కి వెనక్కి వచ్చేశాను. కొత్త పత్రం రావడానికి ఎనిమిది రోజులు, మళ్లీ అపాయింట్‌మెంట్ దొరకడానికి ఇంకో రెండు వారాలు పట్టింది. మీరు ఈరోజే పాస్‌పోర్టు ఎదురుగా పెట్టుకుని అక్షరం అక్షరం సరిచూసుకోండి.

మీకు కావాల్సింది షెంజెన్ వీసా, అంటే వియన్నా ఉన్న ఆస్ట్రియాతో పాటు చాలా యూరోపు దేశాలకి ఒక్కటే పనిచేసే వీసా. ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి దరఖాస్తు చేసుకోవచ్చు, కనీసం 15 రోజుల ముందైనా ఇవ్వాలి. నిర్ణయానికి మామూలుగా 15 రోజులు, ఒక్కోసారి 45 రోజుల దాకా పడుతుంది. అందుకే ఆగస్టులోనే పని మొదలుపెట్టండి. తిరిగొచ్చే తేదీ తర్వాత కూడా పాస్‌పోర్టుకి కనీసం 3 నెలల గడువు, రెండు ఖాళీ పేజీలు ఉండాలి. ప్రయాణ బీమా 30,000 యూరోలకు తగ్గకూడదు. ఇంకొకటి, ఇది చాలామందికి తెలియదు: శాస్త్రీయ సదస్సులో పాల్గొనడానికి వెళ్లే పరిశోధకులకు వీసా రుసుము మినహాయింపు నిబంధనల్లోనే ఉంది. దరఖాస్తు తీసుకునే కేంద్రం వాళ్ల సర్వీసు చార్జీ మాత్రం కట్టాలి. నాకు ఈ సంగతి డబ్బు కట్టేశాక తెలిసింది. మీరు పరిశోధకులని మీ సంస్థ రాసిచ్చిన లేఖ, ఆహ్వాన పత్రం చూపించి అడగండి.

మన ప్రాంతం వాళ్లకి అసలు చిక్కు బ్యాంకు స్టేట్‌మెంట్ దగ్గర వస్తుంది. జీతగాళ్లకి నెలనెలా డబ్బు పడుతుంది. మనకి చెరువులో రొయ్యల పట్టుబడి అయినప్పుడో, కొబ్బరికాయ దింపినప్పుడో ఒక్కసారిగా లక్షలు పడతాయి, మళ్లీ నెలల తరబడి ఏమీ ఉండదు. అక్కడ కూర్చుని కాగితాలు చూసే అధికారికి అది వీసా కోసం అప్పు తెచ్చి వేసిన సొమ్ములా కనిపించవచ్చు. కాబట్టి పెద్ద మొత్తం పడిన ప్రతిచోటా దాని బిల్లు జతచేయండి. చెరువు ఎన్ని ఎకరాలు, పంట ఏడాదికి ఎన్నిసార్లు తీస్తారు అన్నది దరఖాస్తుతో పెట్టే కవరింగ్ లెటర్‌లో నాలుగు వాక్యాల్లో రాయండి. నాన్నగారు ఖర్చు భరిస్తున్నట్టు లేఖ, ఆయన ఆదాయపు పన్ను రిటర్నులు, భూమి కాగితాల నకళ్లు పెట్టండి. ఉపకార వేతనం వస్తుంటే దాని ఉత్తర్వు కూడా పెట్టండి. చదువు మధ్యలో ఉంది, తిరిగి రావాల్సిన పని ఉంది అని మీ పరిశోధన గైడ్ రాసిచ్చే ఒక్క పేజీకి చాలా విలువ ఉంటుంది. వీసా రాకపోతే రిజిస్ట్రేషన్ ఫీజు వెనక్కిస్తారా అని నిర్వాహకులను ముందే అడగండి. విమానం టికెట్ కూడా రద్దుచేసుకునే వీలున్నదే తీసుకోండి.

అక్టోబరు చివర, నవంబరు మొదట్లో మనకి తుఫానుల కాలం. 2025 అక్టోబరు 28న మొంథా తుఫాను నరసాపురం దగ్గర తీరం దాటినప్పుడు రైళ్లు, విమానాలు ఎన్ని రద్దయ్యాయో మీరూ చూసే ఉంటారు. విమానం ఉన్నరోజు పొద్దున దిగేలా రైలు పెట్టుకోకండి. రెండు రోజుల ముందే హైదరాబాద్ చేరి ఎవరింట్లోనైనా ఉండండి.

అమ్మగారు ఎలాగూ పచ్చళ్లు కడతారు. రొయ్యల పచ్చడి చక్కగా తీసుకెళ్లండి, చేపలు, రొయ్యలతో చేసినవాటిని యూరోపు 20 కిలోల దాకా అనుమతిస్తుంది. కోడి, మటన్ పచ్చళ్లు, నెయ్యి మాత్రం వద్దు, మాంసం, పాల పదార్థాలకి అక్కడ నిషేధం. పచ్చడి గట్టిగా సీలు వేయించి పెద్ద పెట్టెలో పెట్టండి. పవర్ బ్యాంకు మాత్రం చేతి సంచిలోనే ఉండాలి. పోస్టర్ గుడ్డ మీద ప్రింట్ చేయిస్తే మడతపెట్టి అదే సంచిలో వేసుకోవచ్చు, పొడుగాటి గొట్టం మోసే బాధ తప్పుతుంది.

అక్కడ దిగాక విమానాశ్రయం నుంచి ఊళ్లోకి ఎస్7 అనే లోకల్ రైలు చాలు, టాక్సీ అక్కర్లేదు. కుళాయి నీళ్లు నిర్భయంగా తాగండి, అవి కొండ ఊటల నుంచి వచ్చేవి. ఆదివారం దుకాణాలు దాదాపు అన్నీ మూసేస్తారు, శనివారమే బ్రెడ్డు, పళ్లు కొనిపెట్టుకోండి. నవంబరులో సాయంత్రం ఐదు కాకముందే చీకటి పడుతుంది, మంచి స్వెట్టరు, మేజోళ్లు ఉండాలి. కార్డు గీసేటప్పుడు రూపాయల్లోనా, యూరోల్లోనా అని అడిగితే యూరోలే నొక్కండి, రూపాయలంటే మారకం రేటులో నష్టపోతారు. ఇంటికి ఫోన్ చేయాలంటే మనకంటే వాళ్లు అప్పటికి నాలుగున్నర గంటలు వెనక, మీరు రాత్రి భోజనం అయ్యాక చేస్తే ఇక్కడ అర్ధరాత్రి దాటిపోతుంది, మధ్యాహ్నమే చేసేయండి.

అపాయింట్‌మెంట్ ఖరారు కాగానే చెప్పండి. నేను రాసుకున్న కవరింగ్ లెటర్ నా దగ్గర ఇంకా ఉంది, చెరువుల లెక్క అందులో ఎలా పెట్టాలో కూర్చుని చూద్దాం.