బావగారు లేకుండా యూరప్ వెళ్లాలా? వెళ్లండక్కా

అక్కా, బావగారితో కలిసి వెళ్లాలనుకున్న వియన్నా, ప్రాగ్, పారిస్, రోమ్ ఆయన పోయాక ఇప్పుడు ఒక్కదాన్నే తిరగగలనా అని అడిగారు. తిరగగలరు, వెళ్లండి. కానీ ఇద్దరికోసం వేసుకున్న ఆ ప్లాన్ వద్దు. పది రోజుల్లో నాలుగు ఊళ్లంటే మనసుకు ఊపిరాడదు. వియన్నా, ప్రాగ్ చాలు. మధ్య రైల్లో నాలుగు గంటలే.

వియన్నాలో ఒంటరిగా కూర్చున్నవాళ్లని ఎవరూ వింతగా చూడరు. కాఫీ హౌస్‌లో ఒక మెలాంజ్ (పాల నురగతో ఇచ్చే అక్కడి కాఫీ) చెప్పి ఎంతసేపైనా ఉండొచ్చు. చిన్న ట్రేలో కప్పు, పక్కనే గ్లాసుడు మంచినీళ్లు. మా అమ్మ పోయాక, నాకేం తినాలనుందో నన్ను నేను అడిగింది అక్కడే.

71 నంబరు ట్రామ్ ఎక్కితే 1874లో తెరిచిన సెంట్రల్ శ్మశానవాటిక వస్తుంది. సంగీతకారులు బీథోవెన్, షూబర్ట్ సమాధులు అక్కడే. భయపడకండి, పెద్ద చెట్లతో తోటలా ఉంటుంది. ఏడుపొస్తే ఏడ్చేయండి.

సాయంత్రాలే కష్టం. స్టేట్ ఒపెరాలో (పాటలతో సాగే నాటకాల థియేటర్) నిలబడి చూసే చవక టికెట్లుంటాయి, ప్రయత్నించండి.

ప్లాన్ మారింది కాబట్టి, షెంగెన్ వీసాకి (యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఒకే వీసా) ఆస్ట్రియా, చెక్ రెండిట్లో ఎక్కువ రోజులుండే దేశానికే అప్లై చేయాలి. ట్రావెల్ మెడికల్ ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలకు ఉండాలి.