చెన్నైలో డిజైనర్‌గా నిలబడాలంటే ముందు అడ్వాన్సు అడగడం నేర్చుకో

తమ్ముడూ, నెల్లూరు నుంచి వచ్చి మూడు నెలలైందనీ, ఉద్యోగం వద్దనుకుని సొంతంగా గ్రాఫిక్ డిజైన్ పనులు చేస్తున్నాననీ రాశావు. ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటే మంచిదని అడిగావు. అది ఎవరైనా చెబుతారు. నీ వయసులో నన్ను ముంచింది సాఫ్ట్‌వేర్ కాదు, డబ్బు అడగడానికి మొహమాటం.

నేను 2004లో తెనాలి నుంచి వచ్చాను. మా నాన్న సైన్‌బోర్డులు రాసేవారు. తలకట్టు ఎలా వంచాలో, ఒత్తుకు ఎంత చోటు వదలాలో ఆయన కుంచె చూసే నేర్చుకున్నాను. ఈ ఊళ్లో నాకు అన్నం పెట్టింది ఆ విద్యే. తమిళంలో మనలాగా అక్షరం కింద ఒత్తులు ఉండవు. అందుకని ఇక్కడివాళ్లు తమిళానికి సరిపోయే ఖాళీనే తెలుగు వరుసల మధ్య కూడా పెడతారు. ‘స్త్రీ’ అని రాస్తే ఒత్తులు దిగివచ్చి కింది వరుసలోని గుడిని తాకుతాయి. అది చూడగానే పట్టుకునే కన్ను ఉంటే నీకు పనికి లోటుండదు.

పని ఉన్నంత మాత్రాన డబ్బు రాదు. నా మొదటి పెద్ద పని టీ నగర్‌లో ఓ చీరల దుకాణానికి దసరా బ్రోచరు. యజమాని తెలుగువాడు. మనవాడే కదా అని పైసా అడ్వాన్సు అడగలేదు. తెరమీద చిలకపచ్చ చీర మెరిసిపోయింది. తెర వెలుగుతో రంగు చూపిస్తుంది, ప్రెస్సు నాలుగు సిరాలతో కాగితం మీద అద్దుతుంది, ఆ మెరుపు అక్కడికి రాదు. ఫైలు నాలుగు రంగుల్లోకి మార్చలేదు, ప్రూఫు, అంటే ముద్రణకు ముందు చూసుకునే నమూనా ప్రతి, తీయించలేదు. రాయపేట ప్రెస్సు నుంచి సిరా వాసనతో 2,000 ప్రతులు వచ్చాయి. చిలకపచ్చ కాస్తా ఎండిన వేపాకు రంగైంది. ఆయన అసలు చీర తెచ్చి కాగితం పక్కన పరిచాడు. ఒక్క మాట అనకుండా కట్టలు నావైపు నెట్టాడు. నెల రోజుల కష్టానికి రూపాయి రాలేదు, ముద్రణ ఖర్చూ నామీదే పడింది. రెండు నెలలు ఒంటిపూట తిని, ఇంటికి ఫోను చేసి బాగున్నానని చెప్పాను.

ఆ అప్పు తీరకముందే గది మారాల్సి వచ్చింది. ఇంటి యజమాని పది నెలల అద్దె అడ్వాన్సుగా అడిగాడు. ఆయన గొంతులో ఏ తడబాటూ లేదు. ఆ రోజు నుంచి సగం చేతికి రానిదే పని మొదలుపెట్టలేదు. ప్రూఫు మీద సంతకం తీసుకుంటాను, మార్పులు రెండుసార్లే చేస్తాను, మిగతా సగం అందాకే అసలు ఫైలు ఇస్తాను. కోడంబాక్కంలో ఇప్పుడున్న ఇల్లు అలా కూడబెట్టి కొన్నదే.

ఏడాది రాబడి 20 లక్షలు దాటితే జీఎస్టీ నమోదు కావాలి. డబ్బు ఇచ్చేవాళ్లు ముందే కోసుకునే పన్ను, అదే టీడీఎస్, దాని సంగతి ఆడిటరును అడుగు, చెబుతారు.

మెస్సు యజమాని మూడు లోగోలు ఉచితంగా గీసి చూపమన్నాడని రాశావు. గీయకు. పాత పనులు చూపించు, నచ్చితే సగం ఇమ్మను. తమిళం రాదని వెనకాడకు, ‘పాది (సగం) అడ్వాన్స్’ అంటే ఈ ఊళ్లో అందరికీ అర్థమవుతుంది. రేపు మధ్యాహ్నం భోజనాల రద్దీ తగ్గాక వెళ్లి అడుగు, ఏమన్నాడో నాకు రాయి.